‘పోయొస్త’ మార్చను

“కల్లు పాట నువ్వే రాయక్కా. చావు పాట కూడా నువ్వే. ప్రేమ పాట మాత్రం వేరే వాళ్ళతో రాయిద్దాం.”

దర్శకుడు ఈ మాట చాలా మామూలుగా అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, ఫోన్ చూసుకుంటూ అన్నాడు. నేను కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాను. అప్పుడే అతనికి ఆ ప్రేమ పాట ట్యూన్ వినిపించాను. ఎంత నచ్చిందంటే మూడుసార్లు పెట్టించుకున్నాడు. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళు తెరిచాక అన్న మొదటి మాట ఇది.

నేను సినిమాలకు పాటలు కడతాను. మాటలు కూడా నేనే రాసుకుంటాను. హైదరాబాదులో ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో నాదొక చిన్న గది. చప్పుడు బయటికి పోకుండా గోడలకు పాత దుప్పట్లు కొట్టించాను. ఆ గదిలోనే చిన్నాచితకా సినిమాలకు ట్యూన్లు కట్టాను. పెద్దవాళ్ళ దగ్గర కీబోర్డు వాయించాను. ఇది మాత్రం నా పేరు పోస్టర్ మీద విడిగా పడబోయే సినిమా. కథ మానుకోటలో జరుగుతుంది. బయటివాళ్ళు మహబూబాబాద్ అంటారు, మేము మానుకోట అంటాం. హీరో అక్కడ ఆటో నడుపుతాడు. హీరోయిన్ నర్సు. రోజూ పొద్దున ప్యాసింజర్ రైలెక్కి దూరంగా ఉన్న దవాఖానకు డ్యూటీకి పోతుంది.

“ప్రేమ పాట నేనెందుకు రాయొద్దు?” అని అడిగాను.

అతను కాసేపు నసిగాడు. అతనిదీ మా వైపే, జనగామ పక్కన ఊరు. నలుగురిలో ఉన్నప్పుడు పత్రికలో అచ్చయినట్టు మాట్లాడతాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం కాబట్టి అసలు మాట బయటికి వచ్చింది.

“మన భాషల డ్యూయెట్ అంటే నవ్వుతరక్కా. కల్లు పాటంటే ఊపొస్తది. చావు పాటంటే ఏడుపొస్తది. ప్రేమ పాటంటే మాత్రం నవ్వులాటయితది.”

“ఎవరు నవ్వుతరు?”

“ఎవరో ఎందుకు? మనోళ్లే.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా మాటను సినిమాల్లో ఎన్నేళ్ళు వెక్కిరించారో అందరికీ తెలుసు. జేబుదొంగకూ, ఇంటి పనివాడికీ, గూండాకూ అంటగట్టారు. ఇప్పుడు రోజులు మారాయి, మా మాటకు గిరాకీ వచ్చింది. పోస్టర్ల మీద మా మాట, టీజర్లలో మా మాట. కానీ దేనికి వాడుతున్నారు? తాగడానికి, తిట్టుకోవడానికి, పాడె మోయడానికి. మా మనుషులు తాగొచ్చు, తిట్టొచ్చు, చావొచ్చు. ప్రేమించాల్సి వస్తే మాత్రం నోరు కడుక్కుని వేరే మాటలో ప్రేమించాలి!

“కల్లు పాట రాస్త. నాకేం నామోషీ లేదు. చావు పాట కూడ రాస్త. కానీ ప్రేమ పాట నేనే రాస్త. వద్దంటే ట్యూన్ కూడ వద్దనుకో” అన్నాను.

అతను నా మొహం చూసి, పంతం ఆడుతున్నానా, నిజంగానే అంటున్నానా అని తేల్చుకోలేకపోయాడు. చివరికి వారం రోజులు గడువిచ్చాడు.

*

నేను పుట్టి పెరిగింది భూపాలపల్లిలో. మేము నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. మా బాపు బొగ్గు బాయిలో పనిచేశాడు. మాకు బాయి అంటే నీళ్ళ బావి కాదు, బొగ్గు గని. మా ఇంట్లో గడియారం కంటే షిఫ్టు సైరన్‌ను ఎక్కువ నమ్మేవాళ్ళం. ఆదివారాలు చర్చికి పోయేవాళ్ళం. చర్చిలో ఒక పాత హార్మోనియం ఉండేది. దాని మెట్లలో రెండు పలికేవి కావు. ఆ రెండూ తగలకుండా పాటను తిప్పి వాయించడం నేర్చుకున్నాను. పాటలు కట్టే పని నాకు అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

మాటల సంగతి అట్లా కాదు. మాట దగ్గర మొదట నేర్చుకున్నది సిగ్గు.

నాకు పదకొండు, పన్నెండేళ్ళు ఉంటాయి. ఎండాకాలం సెలవులకు జనగామలో మా చిన్నమ్మ ఇంటికి పోయాం. చిన్నమ్మ, అవ్వ, నేను మధ్యాహ్నం ఆటకు పోయాం. ఆ సినిమాలో ఒక వంటవాడు ఉన్నాడు. వాడు అచ్చం మా అవ్వ మాట్లాడినట్టే మాట్లాడతాడు. ‘గిట్లెట్లయితది’ అని వాడన్నప్పుడల్లా హాలంతా ఒకటే నవ్వు. వాడు తెలివితక్కువ పని ఏదీ చేయలేదు, వట్టిగా నోరు తెరిచాడంతే. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ కూడా నవ్వుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సినిమా అయిపోయాక అవ్వా నేనూ స్టేషన్ ఘన్‌పూర్ బస్సెక్కాం. అక్కడ మా అమ్మమ్మ ఉండేది. కండక్టర్ వచ్చి ఎక్కడికని అడిగాడు. అవ్వ ఒకసారి గొంతు సవరించుకుంది.

“ఘన్‌పూర్ వెళ్ళాలండీ” అంది.

ఆ గొంతు నాకు తెలియదు. కండక్టర్‌కూ అర్థం కాలేదు. “ఏడికీ?” అన్నాడు. అవ్వ మళ్ళీ చెప్పలేక చేతి వేళ్ళతో రెండు టికెట్లని చూపించింది. నేనే గట్టిగా “ఘన్‌పూర్‌కు పోవాలె. ఒకటిన్నర” అన్నాను. అవ్వ కిటికీ వైపు తిరిగింది.

ఆ రోజు అవ్వ మీద కోపం వచ్చింది. తర్వాత నేను కూడా అదే పని చేశాను కాబట్టి ఇప్పుడు ఆ కోపం లేదు. హైదరాబాదు వచ్చిన కొత్తలో ఒక సంగీత దర్శకుడి దగ్గర చేరాను. రెండో రోజే నా నోటి నుంచి ‘గది’, ‘గిది’ ఊడిపోయాయి. ‘అవునండీ’, ‘కాదండీ’, ‘వెళ్తానండీ’ వచ్చి చేరాయి. ఎవరూ మార్చుకోమని చెప్పలేదు. నేను మాట్లాడినప్పుడు ఒక వయొలిన్ ఆయన పెదవి కొసన నవ్వాడు, అది చాలింది. ఒకసారి స్టూడియోలో నలుగురి ముందు అవ్వ ఫోన్ ఎత్తి “చెప్పండమ్మా” అన్నాను. అవ్వ, “రాంగ్ నంబరా?” అని పెట్టేసింది.

ఆ సాయంత్రమే నేను మళ్ళీ నా మాటకు వచ్చేశాను. వయొలిన్ ఆయన నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకున్నాను.

*

వారం గడువులో మొదటి రెండు రోజులు హైదరాబాదులోనే తన్నుకున్నాను. ఒక్క వాక్యం కూడా కుదరలేదు. చెప్పాలంటే భయం వేసింది. ప్రేమ గురించి రాయబోతే ‘ప్రాణం’, ‘మౌనం’, ‘వెన్నెల’ వచ్చి కూర్చుంటున్నాయి. నాకు తెలిసిన ప్రేమ పాటలన్నీ ఆ మాటల్లోనే ఉన్నాయి మరి. దర్శకుడు అన్నదే నిజమేమో, మా మాటలో ప్రేమకు మాటలే లేవేమో అని కూడా అనిపించింది. మూడో రోజు బస్సెక్కి భూపాలపల్లి పోయాను.

అవ్వ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బాపు బయట కుర్చీలో ఉన్నాడు. రిటైర్ అయ్యాడు. బాయిలో పేలుళ్ళ మధ్య పనిచేసిన చెవులు, కాస్త గట్టిగా చెబితే తప్ప వినపడదు. నేను అవ్వ పక్కన కూర్చుని అడిగాను.

“అవ్వా, బాపు నీతోని ప్రేమగ ఏమన్నడు?”

“ఏందీ?”

“పెండ్లయిన కొత్తల. ఏమన్న అన్నడా లేదా?”

అవ్వ చిక్కుడుకాయ నా మీద విసిరింది. “పిచ్చి లేసిందా నీకు? ఏమంటడు? తిన్నవా అంటడు, పండుకో అంటడు. డ్యూటీకి పోయేటప్పుడు పోయొస్త అంటడు.”

“గంతేనా?”

“గంతే అంటే గంతేనా బిడ్డా?” అంది అవ్వ. చేతిలో పని ఆపింది. “ఒకనాడు తొందరల ‘పోతున్న’ అని గడప దాటిండు. నేను ఊరుకోలే. సందు చివరిదాక ఉరికి ఎనుకకు పట్టుకొచ్చిన. ఇంట్ల కూసోవెట్టి, నీళ్ళు తాపించి, అప్పుడు ‘పోయొస్త’ అనిపించి తోలిన. షిఫ్టుకు ఆలస్యమైందని సార్ తిట్టిండట. తిడితే తిట్టనీ. బాయిలకు దిగెటోడు పోతున్న అంటడా? పోయొస్త అనాలె. వస్త అనాలె.”

బాపు బయటి నుంచి, “ఏందే, నన్నేమో అంటున్నరు?” అని అరిచాడు.

“నిన్నే. నీకు మాట్లాడరాదంటున్న” అని అవ్వ తిరిగి అరిచింది.

నేను లేచి అవతలి గదిలోకి పోయాను. చిన్నప్పటి నోటుబుక్కు అట్ట వెనక రాసుకున్నాను. పాట వచ్చేది వాళ్ళ పెళ్ళయ్యాక, అందులో గడప దాటేది హీరోయిన్. రైలెక్కి పోయేది ఆమె, ఇంట్లో ఉండి పొయ్యి చూసుకునేది అతను. కాబట్టి మా బాపు మాటను ఆ పిల్లకిచ్చాను.

పోయొస్త పిలగా పోయొస్త
పొద్దుగూకంగ మల్లొస్త
వాకిట్ల నిలవడి సూడకు నువ్వు
పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్

పల్లవి అయ్యేసరికి అవ్వ కూర పొయ్యి మీద పెట్టింది. తినేలోపు మొదటి చరణం వచ్చింది. రెండో చరణం దగ్గర కాస్త ఇబ్బంది పడ్డాను కానీ పొద్దు మునిగేలోపు అదీ పూర్తిచేశాను.

*

దర్శకుడికి పాడి వినిపించాను. నవ్వలేదు. పాలు పొంగే చోట మాత్రం నవ్వాడు, అది నవ్వాల్సిన చోటే. కానీ పాట అయిపోయాక బుగ్గ గోక్కున్నాడు.

“పాట బాగున్నదక్కా. ఆ ఒక్క మాట మార్చు.”

“ఏది?”

“పోయొస్త. బయట జిల్లాల వాళ్ళకు ‘పో’ అంటే చావు మాట. ‘ఆయన పోయాడు’ అంటే చచ్చిపోయాడని. లవ్ సాంగ్ మొదటి మాటే ‘పో’ అని ఉంటే ఎట్ల? ‘వెళ్ళొస్తా’ అని పెడదాం. అక్షరాలు కూడా సరిపోతయి.”

“మన దిక్కు సచ్చిపోతే సచ్చిపోయిండు అంటం. పోయిండంటే పోయిండనే. నర్సు మానుకోట పిల్ల. రైలుకు టైమైతున్నప్పుడు మొగుడితోని వెళ్ళొస్తా అంటదా?”

“సినిమా అన్ని జిల్లాల్లో ఆడాలె కదక్కా.”

“అన్ని జిల్లాల సినిమాలు మేం సూడలేదా? వాళ్ళ మాటలు మాకు అర్థం కాలేదా? మేం నేర్చుకున్నట్టే వాళ్ళూ నేర్చుకుంటరు. ఒక్క మాటనే కదా!”

అతను తల ఊపాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

రికార్డింగుకు వచ్చిన గాయని గోదావరి జిల్లా ఆవిడ. వయసులో నాకంటే పెద్దది, చాలా పాటలు పాడిన మనిషి. కాగితం చేతిలోకి తీసుకుని మొదటి మాట మీద వేలు పెట్టి నిలిపింది. ఈవిడ కూడా మార్చమంటుందనుకున్నాను.

“ఈ మాట ఎలా అనాలమ్మా? నవ్వుతూ అనాలా, బాధగా అనాలా?” అని అడిగింది.

“రెండూ కాదండీ. చెప్పులు తొడుక్కుంటూ అనాలి” అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత కళ్ళు కిందికి దించి, నిజంగానే కాళ్ళ వైపు చూస్తూ పాడింది. రెండో టేకుకే సరిగ్గా వచ్చింది. మా అవ్వ విన్నా తప్పు పట్టలేనంత బాగా వచ్చింది. నాకు ఇంకో పని ఉండి, ఆవిడకు దండం పెట్టి బయటికి వచ్చేశాను. దర్శకుడు అక్కడే ఉండిపోయాడు. నేను చేసిన తప్పు అదే.

*

సినిమా పాటల పండుగ మానుకోటలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. అవ్వనూ బాపునూ భూపాలపల్లి నుంచి రప్పించాను. అవ్వ కొత్త చీర కట్టుకుంది. బాపు చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. వాళ్ళను మూడో వరుసలో కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. హాలు నిండింది. కాలేజీ పిల్లలు, ఆటో డ్రైవర్లు, మార్కెట్‌లో మిరపకాయ తొడిమలు తీసే ఆడవాళ్ళు కూడా చాలామంది వచ్చారు. మా షూటింగు వాళ్ళ మధ్యనే జరిగింది మరి.

కల్లు పాట వేశారు. పిల్లలు ఈలలు వేశారు. తర్వాత ప్రేమ పాట. వేణువు మొదలైంది. బాపు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

“వెళ్ళొస్తా పిల్లగాడా వెళ్ళొస్తా…”

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. రెండోసారీ అదే వచ్చింది. ఆవిడ గొంతే, నా ట్యూనే. మాట నాది కాదు. ‘పోయొస్త’ లేదు, ‘పిలగా’ లేదు. బాపు అవ్వ వైపు వంగి గట్టిగా అడిగాడు.

“ఏమంటున్నది?”

“వెళ్ళొస్తా అంటున్నది.”

“మరి నా మాట ఉన్నదన్నరు?”

బాపు చెవిటి మనిషి, మెల్లగా అన్నాననుకుంటాడు. చుట్టూ నాలుగు వరుసలకు వినపడింది. అవ్వ నా వైపు చూడలేదు. కొంగు సర్దుకుని తల కిందికి వేసుకుంది. ఘన్‌పూర్ బస్సులో కిటికీ వైపు తిరిగిన మనిషే నాకు మళ్ళీ కనపడింది.

నేను లేచాను. స్టేజీ మెట్లు ఎట్లా ఎక్కానో గుర్తు లేదు. యాంకర్ పిల్ల చేతిలో మైకు తీసుకుని, సౌండ్ చూసుకునే ఆయనకు “ఆపన్నా, జర ఆపు” అన్నాను. ఆయన ఆపాడు. ముందు వరుసలో నిర్మాత, దర్శకుడు సగం లేచి నిలబడ్డారు.

“ఈ పాట కట్టింది నేను, రాసింది నేను. మీరు విన్నది నేను రాసిన పాట కాదు. నేను రాసింది ఇప్పుడు పాడుతున్న. నవ్వొస్తే నవ్వుండ్రి” అన్నాను.

సంగీతం ఏమీ లేకుండా పాడాను. నేను గాయనిని కాదు. నా గొంతు పైస్థాయిలో చీలుతుంది. మొదటి ‘పోయొస్త’కు వెనక నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు కిసుక్కున నవ్వారు. దర్శకుడు చెప్పింది అబద్ధమేమీ కాదు, మనోళ్లే నవ్వారు. నేను ఆపలేదు. వాళ్ళ వైపే చూస్తూ ఆ లైను మళ్ళీ పాడాను. మూడోసారీ పాడాను. అప్పుడు తొడిమలు తీసే ఆడవాళ్ళలో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి ఆ పిల్లల మీద గయ్యిమంది.

“ఏందిరా నవ్వుతున్నరు? మీ అవ్వ ఇంట్ల ఏమంటది? వెళ్ళొస్తా అంటదా?”

హాలంతా గొల్లుమంది. ఈసారి నవ్వు నా మీద కాదు. పాలు పొంగే చోటికి వచ్చేసరికి ఆడవాళ్ళు చప్పట్లతో తాళం వేయడం మొదలుపెట్టారు. వాళ్ళ తాళం నా తాళానికి సరిపోలేదు. నేనే వాళ్ళ తాళానికి మారాను. మొత్తం పాడి, మైకు యాంకర్ పిల్లకిచ్చి, దిగాను.

*

స్టేజీ వెనక దర్శకుడు ఎదురొచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది. “నా పరువు తీసినవక్కా” అన్నాడు.

“నాకు చెప్పకుంట ఎందుకు మార్చినవ్?”

అతను ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. నేల చూస్తూ ఒక సంగతి చెప్పాడు. ఇంటర్‌మీడియట్ ఎక్కడో కృష్ణా జిల్లాలో హాస్టల్లో ఉండి చదివాడట. ఒక ఆదివారం స్నేహితుడి ఇంటికి భోజనానికి పోయాడు. స్నేహితుడి తండ్రి ఇంట్లో కనపడలేదు. మర్యాదకు ఆ తల్లిని అడిగాడు, “మీ సారు పోయిండా?” అని. ఆవిడ చేతిలో గరిటె కింద పడేసింది. ఇల్లంతా ఒక్కటే గోల. అర్థమయ్యాక క్షమించారు, నవ్వారు కూడా. కానీ సోమవారం నుంచి హాస్టల్లో అతని పేరే మారిపోయింది. చదువు అయిపోయేదాకా అందరూ అతన్ని ‘పోయిండు’ అని పిలిచారు.

“గా మాట ఇంటేనే నాకు చెమటలు పడతయి. నీ పాట బాగలేక కాదు” అన్నాడు.

నాకు జాలి వేసింది. అయినా జాలి వేసినంత మాత్రాన తగ్గాలని అనిపించలేదు.

“నిన్ను గట్ల పిలిచినోళ్ళది తప్పు. మాటది తప్పా? నీ మీద వాళ్ళు చేసింది నువ్వు నా మీద చేసినవ్. వాళ్ళు మొకం మీదన్న చేసిండ్రు. నువ్వు ఎనుకనుంచి చేసినవ్” అన్నాను.



పాత మాట తిరిగి పెట్టమని నిర్మాతను అడిగాను. ఆయన కోప్పడలేదు. సినిమా తయారైపోయింది, ఇప్పుడు వీలుకాదన్నాడు. అట్లయితే ఆ పాట కింద నా పేరు తీసేయమన్నాను. “పేరు తీసేయమంటారా? ఎవరైనా పేరు వేయమని కొట్లాడతారు కానీ” అని ఆయన నన్ను వింతగా చూశాడు. తీసేయమని కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాను. సినిమా విడుదలయ్యాక చూస్తే, నాలుగు పాటలకు రచన అని నా పేరు ఉంది. ఐదో పాట పక్కన ఎవరి పేరూ లేదు. ఆ ఖాళీని చూసినప్పుడు బాధపడతాననుకున్నాను. బాధ వేయలేదు, నిటారుగా కూర్చున్నాను.

సినిమా ఓ మోస్తరుగా ఆడింది. ఆ తర్వాత నాకు రావాల్సిన రెండు సినిమాలు చేజారాయి. ‘ఆమె పేచీ మనిషి, స్టేజీ ఎక్కి పాట ఆపేస్తుంది’ అనుకున్నారట. నిజమే. ఆపేస్తాను.

ఒకరోజు ఆ గాయని ఫోన్ చేసింది. ఫంక్షన్ హాల్లో ఎవరో ఫోన్లో తీసిన వీడియో ఆవిడ దాకా పోయింది.

“అమ్మా, మాట మార్చమన్నది మీరేనని దర్శకుడు చెప్పారు నాతో. మీరు బయటికి వెళ్ళాక పాడించారు. మీరే మార్చుకున్నారేమో అనుకున్నాను. నాకు మనసొప్పలేదు కానీ, రాసినవారి ఇష్టం కదా అని పాడేశాను” అంది.

 ఆవిడ తప్పేమీ లేదని చెప్పాను.

“ఇకమీదట కచేరీల్లో మీరు రాసిందే పాడతాను. ఇంకోసారి చెప్పండి, ‘పిలగా’లో ‘గా’ పొడవా, పొట్టా?” అని అడిగింది.

అన్నమాట నిలబెట్టుకుంది. ఆవిడ ఎక్కడో గోదావరి వైపు ఒక స్టేజీ మీద ‘పోయొస్త’ అని పాడుతుంటే, ముందు వరుసలో వాళ్ళు కూడా పాడుతున్న వీడియో పంపింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరూ చచ్చిపోయారనుకోలేదు.

ఇప్పుడు నాకు పని ఇచ్చేవాళ్ళతో మొదటి రోజే చెబుతాను: నేను రాసిన మాట నన్ను అడగకుండా మార్చకూడదు. దాన్ని ఒప్పందం కాగితంలో రాయించుకుంటాను. కొందరు కాగితం చూసి మళ్ళీ రారు. రానీ. వచ్చేవాళ్ళు వస్తున్నారు. పోయిన నెలే స్టేషన్ ఘన్‌పూర్‌కు చెందిన ఒక పిల్ల తన మొదటి సినిమాకు అడిగింది. అందులో రెండు ప్రేమ పాటలున్నాయి. రెండూ నేనే రాస్తున్నాను.

గాయని పంపిన వీడియో అవ్వకు చూపిద్దామని భూపాలపల్లి పోయాను. అవ్వ ఫోన్ దగ్గరగా పెట్టుకుని మొత్తం చూసింది. మెచ్చుకుంటుందని కూర్చున్నాను.

“పాట మంచిగనే ఉన్నది. గా రెండో చరణంల ‘నిరీక్షణ’ అని పెట్టినవ్. ఎందుకు పెట్టినవ్?”

“ఎదురుచూసుడు అవ్వా. ఆమె కోసం ఎదురుచూస్తడు కద.”

“గది చర్చిల మాట. అయ్యగారు ప్రసంగంల అంటరు. ఇంట్ల ఎవరంటరే? ఎదురుచూసుడు అనకపోయినవ్?”

“ట్యూన్‌ల పట్టలే.”

అవ్వ ఫోన్ నా చేతికి తిరిగిచ్చింది. “ట్యూన్ ఎవరిది?”

“నాదే.”

“నీదే అయితే మార్చుకో. గాళ్ళనేమో మాట మార్చిండ్రని తిడ్తివి” అని వంటింట్లోకి పోయింది.

నాకు రోషం వచ్చింది. కాసేపు ముంగిట్లో అటూ ఇటూ తిరిగాను. తర్వాత చిన్న కీబోర్డు మంచం మీద పెట్టుకుని, రెండో చరణంలో మూడో లైను విప్పాను. ఒక స్వరం తీసేసి, ఒకదాన్ని రెండు ముక్కలు చేస్తే ‘ఎదురుచూసుడు’ పట్టింది. ముందున్న దానికంటే బాగుంది. గాయనికి ఫోన్ చేసి, ఒక మాట మార్చాలండీ అన్నాను.

“ఈసారి నిజంగా మీరేనా?” అని ఆవిడ అడిగింది.